గెలిస్తే ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాం?

మొన్న ఆదివారం ఒక కుర్రాడు మా గ్రానైట్ యూనిట్‌కు వచ్చాడు. చీమకుర్తి అవతల రామతీర్థం వైపు రెండేళ్ల క్రితం చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్ పెట్టుకున్నాడు, కష్టజీవి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో నాలుగు ఇన్‌వాయిస్‌లు, వాటి ఈ-వే బిల్లులు, ఫోన్లోంచి ప్రింటు తీయించిన వాట్సాప్ మెసేజీలు. కుర్చీ చూపించినా కూర్చోకుండానే, "అన్నా, నాలుగున్నర లక్షలు ఆగిపోయినయి. కేసు వేయమంటావా, వద్దంటావా?" అని అడిగాడు. టీ తెప్పించాను, ఫైలు తిరగేశాను, "ఆలోచించి చెబుతాలే" అని పంపించాను. ఏడాదిన్నరగా అదే ప్రశ్నను నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి కాబట్టి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఈ వ్యాసం అతనికి నేను బాకీ పడిన జవాబు.

కోర్టు మాట ఎత్తగానే మన వైపు ఎవరైనా ఒక సామెత చెబుతారు: ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు. గట్టు తగాదాలతో తరాలు గడిపిన రైతుల అనుభవంలోంచి పుట్టిన మాట అయి ఉంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ సామెతలో మూడోవాడు లేడు. వాడు కేసూ వేయడు, బాకీ వదులుకోనూ వదులుకోడు, "చూద్దాంలే, పెద్దమనిషే గదా" అనుకుంటూ మూడేళ్లు గడిపేస్తాడు. చివరికి ఆడిటరు ఆఫీసులో ఆ మొత్తాన్ని రాని బాకీ కింద కొట్టేసే రోజున ఏడుస్తాడు. నా చుట్టూ ఉన్న చిన్న యూనిట్ల యజమానుల్లో ఎక్కువమంది ఈ మూడో రకమే, నేనూ ఆ గుంపులోనే ఉండేవాణ్ణి. మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు మద్రాసులో బారిస్టరుగా పేరు తెచ్చుకున్న మనిషి. అయినా మనకు మాత్రం ప్లీడరు గుమ్మం తొక్కడమంటే పరువు పోయినంత పని.

నా వ్యవహారం ఇదీ. 2024 మేలో నెల్లూరులో అపార్ట్‌మెంటు కడుతున్న ఒక బిల్డరు మెట్లకూ, లాబీకీ, వంటింటి గట్లకూ కలిపి 9,600 చదరపు అడుగుల బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఆర్డరిచ్చాడు. అడుగు 118 రూపాయల చొప్పున 11,32,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,03,904, వెరసి 13,36,704 రూపాయలు. అడ్వాన్సు 4 లక్షలు ఇచ్చాడు. జూన్‌లో మూడు లారీల సరుకు దింపాం. ఆగస్టులో ఇంకో రెండున్నర లక్షలు వేశాడు. మిగిలిన 6,86,704 అక్కడే ఆగింది. జీఎస్టీ మాత్రం ఆగలేదు, సరుకు పోయిన మరుసటి నెల రిటర్నులోనే మేం ప్రభుత్వానికి కట్టేశాం. అంటే చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టి, ఆ పన్ను కోసం వాడిన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుకు వడ్డీ కట్టుకుంటూ వచ్చాం. చిన్న వ్యాపారికి బాకీ ఆగిందంటే లాభం ఆగిందని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఆగేది పెట్టుబడి.

అక్టోబరులో గట్టిగా అడిగితే అప్పుడు మొదటిసారి వాట్సాప్‌లో మెసేజీ వచ్చింది: రాయి శాంపిల్ ప్రకారం లేదు, షేడ్ తేడా ఉంది, ఓనర్లు గొడవ చేస్తున్నారు.

తడిగుడ్డతో తుడిచిన మెట్లు

ఆ మెసేజీ చూడగానే నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. నాలుగు నెలలు రాయి వాడుకుని, పరిచి, పైన రంగులు కూడా వేయించుకుని, డబ్బులడిగితే షేడ్ తేడానా! మా బావ అయితే ఆ రాత్రే లాయరు దగ్గరికి పోదామన్నాడు. ఆ కోపంలోనే వెళ్లి ఉంటే మొత్తం 6,86,704కూ దావా వేసి, ఆ కేసులో సగం చేజేతులా పోగొట్టుకునేవాళ్లం.

ఒక శనివారం చెప్పకుండా నెల్లూరు వెళ్లాను. సైటులో బిల్డరు లేడు, మేస్త్రి ఉన్నాడు. మెట్ల మీద సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. ఒక బకెట్టు నీళ్లు, పాత లుంగీ గుడ్డ తెచ్చి నా ముందు పెట్టి, "మేం చెబితే మీరు నమ్మరు గదా సార్, మీరే తుడుచుకోని చూడండి" అన్నాడు. కింది అంతస్తు నుంచి ఒక్కో మెట్టూ తుడుస్తూ ఎక్కాను. గెలాక్సీ రాయికి అందమంతా నల్లటి నేలలో మెరిసే ఆ బంగారు రంగు చుక్కలోనే ఉంటుంది, ధర కూడా ఆ చుక్క ఎంత చిక్కగా ఉందన్న దాన్ని బట్టే పలుకుతుంది. మొదటి రెండు అంతస్తుల దాకా చుక్క సమంగా ఉంది. మూడో అంతస్తు మలుపు దగ్గర నుంచి పలచబడింది. పై మెట్ల మీద చుక్క చిన్నదైపోయి, నేల కొంచెం బూడిద రంగుకు తిరిగింది. లెక్కపెట్టాను, 43 మెట్లు.

ఎందుకలా అయిందో అక్కడే, ఆ మెట్ల మీద కూర్చుని ఉండగానే గుర్తుకొచ్చింది. మూడో లారీకి మొదటి రాతి బ్లాకు అయిపోయింది. బిల్డరు తొందరపెడుతున్నాడని మా బావ వేరే క్వారీ నుంచి ఇంకో బ్లాకు కొని కోయించాడు. నాకు చెప్పాడు కూడా. నేను "ఫర్వాలేదులే, మెట్లకే గదా" అన్నాను.

ఆర్డరు కాగితమంటూ మాకు వేరే లేదు, ఒక వాట్సాప్ మెసేజీయే ఉంది. అందులో 18 ఎంఎం మందం, నెల్లూరు చేర్చి ఇవ్వడం, బ్యాలెన్సు 30 రోజుల్లో ఇవ్వడం అన్న మాటలతో పాటు "శాంపిల్ ప్రకారం" అన్న రెండు మాటలు కూడా ఉన్నాయి. నమూనా చూపి అమ్మితే సరుకు మొత్తం ఆ నమూనా నాణ్యతకు తగ్గట్టు ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతుంది. అదే చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. సరుకు అందుకున్నవాడు, చూసుకోవడానికి తగినంత సమయం ఉండి కూడా తిప్పి పంపుతున్నానని చెప్పకుండా అట్టిపెట్టుకుంటే, ఒప్పుకున్నట్టే లెక్క. అట్లా ఒప్పుకున్న తర్వాత మొత్తం ధర ఎగ్గొట్టడానికి లేదు, లోపం ఉన్నంత మేరకు ధరలో తగ్గించమని అడగవచ్చు. అంటే చట్టం దృష్టిలో ఆయన మొండి మాట చెల్లదు, నా మొండి మాటా చెల్లదు. ఆ 43 మెట్ల రాయి ధర పన్నుతో కలిపి 36 వేల లోపే. ఊడదీసి మళ్లీ పరచడానికి అయ్యే కూలి కూడా వేసుకుంటే 60 వేలు అవుతుందని నా అంచనా.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, కేసు వేయాలా వద్దా అని మథనపడే మా వంటివాళ్లలో ఎవరూ ముందుగా చేయని పని ఇది. అవతలివాడి మోసం గురించి ఎంతసేపైనా మాట్లాడతాం గానీ, అవతలి లాయరు కుర్చీలో మనమే కూర్చుంటే మన కాగితాల్లో ఏం పట్టుకుంటామన్నది చూడం. నాకు ఆ పని ఒక మేస్త్రి, ఒక తడిగుడ్డ చేసి పెట్టాయి.

ఆయన పేరు మీద ఏముంది?

ఒంగోలులో లాయరు గారి దగ్గరికి మూడు ఫైళ్లు మోసుకుని వెళ్లాను. ఆయన ఒక్కటీ తెరవలేదు. "ఇన్‌వాయిస్ ఎవరి పేరున కొట్టారు? వాళ్ల పేరు మీద ఏముంది?" అని అడిగారు. నాకు మొదటి ప్రశ్నకే సగం జవాబు తెలుసు, రెండో దానికి అసలు తెలియదు. "న్యాయం ఎవరివైపు ఉందో తర్వాత చూద్దాం. డిక్రీ చేతికొచ్చాక దాన్ని దేని మీద అంటించాలో ముందు తెలుసుకుని రండి" అన్నారు.

ఆ మాట మొదట నాకు రుచించలేదు. తర్వాత మార్కాపురంలో మా నాన్న స్నేహితుడొకాయన గుర్తుకొచ్చారు. పలకల వ్యాపారం చేసేవారు. సరుకు డబ్బుల కోసం దావా వేసి, ఆరేళ్లకు డిక్రీ తెచ్చుకుని, ఊళ్లో స్వీట్లు పంచారు. ఆ తర్వాత దాని అమలు కోసం కోర్టులో పిటిషన్ (ఇ.పి.) వేస్తే తెలిసింది, బాకీదారు ఇల్లు ఎప్పుడో భార్య పేరు మీదికి మారిపోయిందని. డిక్రీని అమలు చేయించుకోవడానికి చట్టం 12 ఏళ్ల గడువు ఇస్తుంది నిజమే, కానీ అమలు చేయడానికి అవతల ఏదైనా ఉండాలి గదా. ఆయన ఇప్పటికీ ఆ డిక్రీ నకలును బీరువాలో ఇంటి కాగితాల పక్కనే దాచుకున్నారు.

కాబట్టి నేను రెండు పనులు చేశాను. బిల్డరు జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూస్తే అది భాగస్వామ్య సంస్థ అని తెలిసింది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. భాగస్వామ్య సంస్థ బాకీకి భాగస్తులు సొంత ఆస్తులతో సహా బాధ్యులు. అదే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, కంపెనీ ఖాళీ అయ్యాక డైరెక్టరు ఇంటి జోలికి మామూలుగా పోలేం. రెండోది, ఆ అపార్ట్‌మెంటు స్థలానికి ఈసీ, అంటే ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, తీయించాను. ఇంకా నాలుగు ఫ్లాట్లు అమ్ముడుపోకుండా సంస్థ పేరు మీదే ఉన్నాయి. ఈ రెండు కాగితాలూ చేతికి వచ్చిన రోజున, అప్పటిదాకా ఉన్న కోపం తగ్గి, దాని స్థానంలో ఒక లెక్క వచ్చి కూర్చుంది.

ఇదే లెక్కతో నేను వదిలేసిన బాకీ కూడా ఒకటుంది. ఒక చిన్న కాంట్రాక్టరు, 1,40,000. అద్దె ఇల్లు, బండి కూడా ఫైనాన్స్‌లో ఉన్నది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది. దావా వేస్తే కోర్టు ఫీజు, లాయరు ఫీజు, వాయిదాలకు పోయే రోజులు నావే. వదిలేశాను. ఆర్నెల్ల తర్వాత కందుకూరులో ఒక పెళ్లిలో ఎదురుపడి, నా విస్తట్లో తనే ఇంకో బూరె వేయించి, "అన్నా, బాగా తినాల" అన్నాడు. కోపం రాలేదని చెబితే అబద్ధం.

ఇక్కడే నా వాదానికి అసలైన అభ్యంతరం ఉంది. వసూలయ్యే చోటే కేసు వేయాలంటే, ఆస్తి దాచుకున్నవాడు గెలిచినట్టేనా? నిజాయితీగా తన పేరు మీదే ఆస్తి ఉంచుకున్నవాడిని కోర్టుకు లాగి, ఎగ్గొట్టడానికి ముందే సిద్ధమైనవాడిని వదిలేయడం ఏం న్యాయం? మా అబ్బాయి ఈ మాట అడిగినప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. తొమ్మిది మంది కూలీలకు శనివారం జీతాలివ్వాల్సిన యూనిట్ లోకాన్ని సరిదిద్దే ఖర్చు భరించలేదు అని మాత్రం అనగలను. అది న్యాయం కాదని నాకూ తెలుసు.

కాలదోషం, కౌన్సిల్, చెల్లని చెక్కు

సరుకు ధర కోసం దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. అప్పు మీద ఇచ్చిన సరుకైతే ఆ అప్పు గడువు తీరిన రోజు నుంచి లెక్క. నా విషయంలో 2027 జులై దాటితే కాలదోషం పడుతుంది. గడువు లోపల బాకీదారు సంతకం పెట్టి బాకీ ఒప్పుకుంటూ కాగితం ఇస్తే అక్కడ నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. "బ్యాలెన్సు చూస్తాను సార్, కొంచెం టైం ఇవ్వండి" అన్న వాట్సాప్ మెసేజీ ఉంది గదా అని నేనంటే, దాన్ని నమ్ముకోవద్దని లాయరు గారు చేయి ఊపేశారు. ఏటా మార్చిలో లెక్క సరిచూసే వంకతో బాకీ ధ్రువీకరణ మీద సంతకం తీసుకోవడం గొడవ లేనప్పుడు ఎంత సులువో, గొడవ మొదలయ్యాక అంత అసాధ్యం.

చెక్కు కథ ఇంకా సిగ్గుచేటు. ఆయన డిసెంబరులో 3 లక్షలకు తేదీ వేసిన చెక్కు ఇచ్చాడు. "సంక్రాంతి పోనీయండి" అన్నాడు, ఆగాం. "ఫ్లాటు రిజిస్ట్రేషన్ అవుతుంది, నేనే చెబుతా" అన్నాడు, ఆగాం. 3 నెలలు దాటిపోయి చెక్కు చెల్లకుండా పోయింది. సమయానికి బ్యాంకులో వేసి ఉంటే డబ్బులైనా వచ్చేవి, బౌన్సయినా అయ్యేది. బౌన్సయితే 30 రోజుల్లో నోటీసు, అందిన తర్వాత 15 రోజులు చూసి, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. సివిల్ దావా కన్నా అవతలివాడు ఎక్కువ లెక్కచేసే దారి అది. మా మొహమాటం దాన్ని మింగేసింది.

ఇంత చేజార్చుకున్నాక కూడా మిగిలిన దారి ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. 2021లో బ్యాంకు లోను కోసం తీసుకున్న ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా చేసుకున్న నమోదు, ఇక్కడ పనికొచ్చింది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం (ఎంఎస్ఎంఈడీ) ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజులు మించి బాకీ పెట్టకూడదు. పెడితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.50 శాతం ఉంటే వడ్డీ 16.5 శాతమన్నమాట. సరుకు మీద అభ్యంతరం ఉంటే అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే అందిన రోజునే అంగీకరించినట్టు. మా బిల్డరు చెప్పింది నాలుగో నెలలో. ఇలాంటి ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా, అమ్మినవాడు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయటే తీర్పు. ఆ తీర్పును కొన్నవాడు కోర్టులో సవాలు చేయాలంటే 75 శాతం ముందు జమ కట్టాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. ఆ 90 రోజులు గోడ మీది క్యాలెండరులో కూడా 90 రోజులే అవుతాయని నేనైతే ఆశపెట్టుకోలేదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రిజిస్ట్రేషన్ సరుకు పంపడానికి ముందే ఉండాలి, గొడవ వచ్చాక పరుగెత్తి తీసుకుంటే పాత బిల్లులకు పనికిరాదని సుప్రీం కోర్టు 2021లో చెప్పింది. కొని అమ్మే వ్యాపారులకు కూడా ఈ రక్షణ లేదు, కోసి పాలిష్ పట్టే మా వంటివాళ్లకు ఉంది.

కౌన్సిల్ వద్దు, కోర్టుకే పోతామన్నా ఇప్పుడు నేరుగా పోలేం. 3 లక్షలు దాటిన వాణిజ్య వివాదమైతే, అత్యవసరంగా ఆపించాల్సింది ఏదీ లేనప్పుడు, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. 2022లో సుప్రీం కోర్టు అది తప్పనిసరి అని తేల్చింది. మొదట విన్నప్పుడు ఇదొక అడ్డంకి అనుకున్నాను. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది, ఎందుకంటే నోటీసుకు లొంగనివాడు కూడా ఒక బల్లకు అటువైపు కూర్చోవాల్సి వచ్చినప్పుడు మాట మారుస్తాడు.

ఇంకో చిట్కాను మా వాళ్లు చాలామంది నమ్ముతారు: 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే వీలు) పోతుంది, జీఎస్టీతో భయపెట్టు అని. ఇళ్లు కట్టే బిల్డరు 5 శాతం పన్ను పద్ధతిలో ఉంటే అసలు క్రెడిట్టే తీసుకోడు, ఇక పోయేదేముంది? అంతకన్నా ఆదాయపు పన్నులో 2023లో వచ్చిన సవరణ పదునైనది. చిన్న ఉత్పత్తిదారుకు గడువులో చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వదు. ఈ సంగతి బిల్డరుకు తెలియకపోయినా ఆయన ఆడిటరుకు తెలుసు, బిల్డరుకు లాయరు గారి చేత పంపించిన నోటీసులో ఆ వాక్యం ఉండాలని అందుకే పట్టుబట్టాను.

పెద్దమనుషులు, స్టేషను

ఈ ఏడాదిన్నరలో నాకు ఎక్కువగా వచ్చిన సలహా కోర్టు గురించి కాదు. "స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టు, రెండు రోజుల్లో ఇంటికి తెచ్చిస్తాడు" అన్నదే. బేరం కుదిరిన రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉంటేనే అది మోసం. తర్వాత డబ్బు ఇవ్వకపోవడం ఒప్పందం తప్పడమే, దాన్ని క్రిమినల్ కేసుగా మార్చవద్దని సుప్రీం కోర్టు పదేపదే చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, 13 లక్షల్లో ఆరున్నర ఇచ్చిన మనిషిని మోసగాడని సంతకం పెట్టి రాయడానికి నాకు చేయి రాలేదు.

పెద్దమనుషుల దగ్గరికి మాత్రం వెళ్లాం. నెల్లూరులో ఇద్దరికీ తెలిసిన ఒకాయన ఇంట్లో కూర్చున్నాం. కాఫీలు వచ్చాయి, పాత సంగతులు వచ్చాయి, గంటన్నర తర్వాత ఆయన "చెరి సగం అనుకోండబ్బా" అన్నారు. 43 మెట్ల గురించి ఒక్కరూ అడగలేదు. మన పంచాయతీల్లో నాకు నచ్చనిది ఇదే. తప్పు ఎంత అన్న లెక్క లేకుండా మనుషుల మొహాలు చూసి మధ్యకు విరిచేస్తారు. ఎక్కువ అడిగినవాడికి అందులో ఎప్పుడూ లాభమే. అయినా ఆ కూర్చోవడం పూర్తిగా దండగ కాలేదు. రాయి బాగాలేదన్న బిల్డరు, ఎన్ని మెట్లు బాగాలేదో తనకే తెలియదని అందరి ముందూ బయటపెట్టుకున్నాడు.

కోర్టుకెక్కే మనిషన్న పేరు వస్తే కొత్త ఆర్డర్లు రావన్న భయం కూడా ఉత్తది కాదు. నోటీసు పంపిన పది రోజులకు ఒంగోలు కాంట్రాక్టరొకాయన ఫోన్ చేసి, "ఏంది, నోటీసులు పంపిస్తున్నావంట గదా" అని నవ్వాడు. ఆ నెల ఆయన ఆర్డరు రాలేదు. నోటీసు వల్లనో, వేరే చోట రెండు రూపాయలు తక్కువకు దొరికిందో నాకు తెలియదు. అయితే అదే నెలలో ఇంకో పాత బాకీ, ఎనిమిది నెలలుగా కదలనిది, అడగకుండానే వచ్చింది.

నోటీసులో 6,86,704 అడగలేదు, 6,26,704 అడిగాం. మెట్ల లోపం ఇంత, దానికి ఇంత తగ్గించుకుంటున్నాం, మిగిలింది వడ్డీతో ఇవ్వాలి, ఇవ్వకపోతే కౌన్సిల్‌కు వెళతాం అని. మా బావ దీనికి ససేమిరా ఒప్పుకోలేదు. "మన నోటితో మనమే తప్పు ఒప్పుకుంటే ఇంకేం మిగుల్తది బావా?" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. ఆయన భయంలో అర్థముంది. రాసిచ్చిన తగ్గింపును వెనక్కి తీసుకోలేం, అవతలివాడు అక్కడి నుంచి ఇంకా కిందికి బేరమాడతాడు. ఆడాడు కూడా. నోటీసు అందిన వారానికి బిల్డరే ఫోన్ చేసి, "సార్, మెట్ల సంగతి మీరే రాశారు గదా, లక్ష తీసేసుకుని కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. అక్టోబరు నుంచి మొదటిసారి ఆయన నోటి నుంచి ఒక అంకె వచ్చింది. మేం కౌన్సిల్ ఫిర్యాదు ఆపలేదు, వేశాం. ఇద్దరం పిలుపు కోసం చూస్తున్నాం. ఈలోగా మా యూనిట్‌లో శాంపిల్ ముక్కను రెండుగా కోసి, రెండింటి వెనకా కొన్నవాడి చేత పెయింటు మార్కరుతో సంతకం చేయించి, ఒకటి మా దగ్గర ఉంచుకోవడం మొదలుపెట్టాం.

నిన్న సాయంత్రం ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. కేసు సంగతి ఎత్తకుండా, "ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద కొట్టావు?" అని అడిగాను. అవతల కటింగ్ మిషను చప్పుడు కాసేపు వినిపించింది.

"వాళ్ల సూపర్‌వైజరు ఒక పేరు చెప్పాడన్నా," అన్నాడు. "దాని మీదనే కొట్టా."